పిండికి చేప, చేపకు పిండి
ఉత్తరపు అంచు కథలు – 7

కిర్కెనెస్ అనే ఊళ్ళో వీధి పేర్ల పలకలు రెండు లిపుల్లో కనిపిస్తాయి. ఒకటి నార్వే వాళ్ళ రోమన్ లిపి, రెండోది రష్యన్. ఊరి జనాభా మూడున్నర వేలు. రష్యా సరిహద్దు గేటుకు రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు. రష్యన్ నగరం ముర్మాన్స్క్‌కు రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. సొంత రాజధాని ఓస్లోకి పోవాలంటే విమానంలోనే రెండు గంటలు. నవంబరు ఆఖరున మునిగిన సూర్యుడు జనవరి మధ్య దాకా మొహం చూపించడు. అలాంటి చోట పక్కింటివాడితో మాటలు మానేసి బతకడం కష్టం. అయినా ఆ పక్కింటివాడు మామూలువాడు కాదు, రష్యా.

గత వారం 1751 నాటి లాప్ కోడిసిల్ గురించి చెప్పుకున్నాం. నార్వే, స్వీడన్‌ల మధ్య గీత గీస్తూనే, రెయిన్‌డీర్ మందలతో ఆ గీత దాటే హక్కును అక్కడి ఆదివాసులైన సామీలకు రాసిచ్చిన ఒప్పందం అది. ఈ వారం ఇంకా తూర్పుకి, నార్వే భూమి అయిపోయే చోటికి వెళదాం. అక్కడ అసలు గీతే లేకుండా అయిదువందల ఏళ్ళు గడిచాయి.

1326 జూన్‌లో నార్వే రాజు తరఫువాళ్ళు రష్యన్ నగర రాజ్యం నోవ్‌గొరోద్‌లో కూర్చుని ఒక సంధి రాసుకున్నారు. అంతకు ముందు కొన్ని దశాబ్దాలుగా ఇరుపక్కలవాళ్ళూ ఒకరి ఊళ్ళ మీద ఒకరు పడి దోచుకుంటున్నారు. సంధితో నలభై ఏళ్ళు పోరు ఆపాలనుకున్నారు. తమాషా ఏమిటంటే అందులో సరిహద్దు లేదు. ఏ సామీలు ఎవరికి పన్ను కట్టాలన్నదే ఉంది. అంటే భూమిని పంచుకోలేదు, మనుషుల్ని పంచుకున్నారు. మధ్యలో కొందరు ఇద్దరికీ కట్టాల్సి వచ్చింది. నైడెన్, పాస్విక్, పెచెంగా ప్రాంతాల సామీ కుటుంబాలు తరతరాలుగా నార్వే అధికారి వస్తే ఒక పన్ను, రష్యా అధికారి వస్తే ఇంకో పన్ను కట్టాయి. ఇప్పటి దౌత్యవేత్తలు ఈ ఏర్పాటును ఉమ్మడి ప్రాంతం అని ముద్దుగా పిలుస్తారు. కట్టినవాళ్ళని అడిగితే వేరే పేరు చెప్పేవారేమో.

సరిగ్గా అయిదు శతాబ్దాలకు, 1826లో, గీత పడింది. పాస్విక్ నది, తూర్పున యాకబ్సెల్వ్ అనే చిన్న ఏరు హద్దులయ్యాయి. అయితే పాస్విక్ పడమటి ఒడ్డున, అంటే నార్వేకి రావలసిన పక్కన, బోరిస్ గ్లేబ్ అనే చిన్న చెక్క చర్చి ఉండేది. సన్యాసి త్రిఫోన్ 1565లో కట్టించినది, ఆర్థడాక్స్ సామీలు ప్రార్థన చేసుకునేది. గుడిని వదులుకోవడం రష్యాకు ఇష్టం లేదు. అందుకని గీత ఆ ఒక్కచోట నది దాటి, గుడి చుట్టూ చిన్న ముక్క చుట్టి, మళ్ళీ నదిలోకి దిగింది. మ్యాపులో చూస్తే పడమటి ఒడ్డున రష్యా చిన్న బొడిపెలా కనిపిస్తుంది. ఈ బొడిపెతో మనకు మళ్ళీ పనుంది, గుర్తుంచుకోండి.

నార్వే వాళ్ళూ గుడితోనే జవాబు చెప్పారు. యాకబ్సెల్వ్ ఏటి మొగలో రష్యన్ జాలర్లు హద్దు దాటి చేపలు పడుతున్నారని గోల వచ్చింది. ఒక గన్‌బోట్‌ను కాపలా పెట్టాలని తొలుత ఆలోచన. ఆ పని మీద వచ్చిన నౌకాదళ అధికారి గన్‌బోట్ కంటే చర్చి మేలని సలహా ఇచ్చాడు. పడవ చలికాలం వెళ్ళిపోతుంది, రాతి గుడి ఎక్కడికీ పోదు. 1869లో ఏటి మొగలో నార్వే లూథరన్ చర్చి లేచింది. ఫిరంగి లేని ఫిరంగి అన్నమాట. ఇప్పటికీ ఉంది.

ఇదంతా ప్రభుత్వాల సంగతి. ఆ తీరంలో జనం సంగతి వేరు. వాళ్ళు బతికింది పిండి మీద.

నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఫిన్‌మార్క్ తీరంలో ధాన్యం పండదు. చేప మాత్రం దండిగా ఉంది. ఆ చేప కాడ్. మనలో కొందరు చిన్నప్పుడు ముక్కు మూసుకుని మింగిన కాడ్ లివర్ ఆయిల్ ఈ జాతి చేపదే. తూర్పున తెల్లసముద్రం ఒడ్డున, అర్ఖాంగెల్స్క్ చుట్టుపక్కల పొమోర్లు అనే రష్యన్లు ఉండేవారు. పేరుకి అర్థం సముద్రపు ఒడ్డువాళ్ళు. వాళ్ళ రేవుకి లోతట్టు రష్యా నుంచి నదుల మీద రై పిండి దిగేది. పైగా ఆర్థడాక్స్ చర్చి ఉపవాసాలు ఏడాదిలో చాలా రోజులు. ఆ రోజుల్లో మాంసం కూడదు. కొన్ని ఉపవాసాల్లో చేప పరవాలేదు. ఒకరికి పిండి కావాలి, ఒకరికి చేప కావాలి. ఇంకేం కావాలి బేరానికి?

అసలు కిటుకు మాత్రం ఎండాకాలంలో ఉంది. నార్వే వాళ్ళు కాడ్‌ని కొయ్య దండేల మీద చలిగాలికి ఆరబెడతారు. చలికాలం పట్టిన చేప అలా రాయిలా ఎండి ఏళ్ళ తరబడి నిలవుంటుంది. జూలై, ఆగస్టుల్లో అలా కుదరదు. ఈగలు ముసురుతాయి, పురుగు పడుతుంది. మన కోస్తాలో వానపట్టు రోజుల్లో ఎండుచేపలు ఆరబెట్టినవాళ్ళకి ఈ బాధ చెప్పనక్కర్లేదు. అక్కడి వాళ్ళు ఆ నెలలకి పురుగుల కాలం అనే పేరే పెట్టారు. వలలో చేప పడుతుంది, కొనే నాథుడుండడు. సరిగ్గా అప్పుడే పొమోర్ల ఓడలు వచ్చేవి. వాళ్ళకి ఎండబెట్టే గొడవ లేదు. పచ్చి చేపనే తీసుకుని ఓడ అడుగునే ఉప్పు చల్లి పొరలు పొరలుగా పేర్చుకుపోయేవారు. నార్వే జాలరి పారబొయ్యాల్సిన సరుకుకి పిండి బస్తా వచ్చేది. డబ్బు చేతులు మారాల్సిన పని కూడా పెద్దగా లేదు.

మొదట్లో ఇది దొంగ వ్యాపారం. ఉత్తరపు వ్యాపారం మీద గుత్తాధిపత్యం బెర్గెన్, కోపెన్‌హాగెన్ వర్తకులది. కానీ చూసీ చూడనట్టు పోక తప్పలేదు. 1789లో గుత్తాధిపత్యం రద్దయింది. ఆ ఏడే వార్డో, హామర్‌ఫెస్ట్‌లకు పట్టణ హోదా వచ్చింది. 1794లో ట్రోమ్సోకి. ఈ ఊళ్ళు లేచి నిలబడటంలో రష్యన్ పిండి వాటా తక్కువేం కాదు. నెపోలియన్ యుద్ధాల్లో ఆ వాటా ఎంతో తెలిసొచ్చింది. 1807లో డెన్మార్క్-నార్వే బ్రిటన్‌తో పోరులో దిగగానే బ్రిటిష్ నౌకలు సముద్రం మూసేశాయి. 1809లో హామర్‌ఫెస్ట్ మీద దాడి చేశాయి, పిండి తెచ్చే రష్యన్ ఓడల్నీ పట్టుకున్నాయి. ఉత్తర తీరం ఆకలితో అలమటించింది. ఆకలి రోజుల్లో ఎవరి ఓడ కోసం ఎదురుచూశారో ఆ తరం మర్చిపోలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వ్యాపారం బాగా పుంజుకుంది. వేసవిలో వందల ఓడలు. రేవుల్లో రూబుళ్ళు చెల్లేవి. ఉత్తర నార్వే వర్తకులు కొందరు కొడుకుల్ని రష్యన్ నేర్చుకు రమ్మని అర్ఖాంగెల్స్క్ పంపేవారు. చదువుకున్నవాళ్ళు ఇలా వెళ్ళి నేర్చుకున్నారు. రేవులో చేప మోసేవాడికి, పిండి దింపేవాడికి అంత తీరిక ఎక్కడిది? వాళ్ళిద్దరూ కలిసి ఒక భాషనే కట్టుకున్నారు.

దాన్ని పండితులు రుస్సెనోర్స్క్ అన్నారు. మాట్లాడినవాళ్ళు మోయా-పో-త్వోయా అన్నారు. మోయా అంటే నేను, త్వోయా అంటే నువ్వు. ‘నేను నీ భాషలో’ అని స్థూలంగా అర్థం. మొత్తం కలిపి నాలుగొందల మాటలు, అందులో రోజువారీ పనికొచ్చేవి ఇంకా తక్కువ. క్రియలకి చివర ఒకటే తోక: కోపొమ్ అంటే కొను, రోబోతొమ్ అంటే పనిచెయ్, స్లీపొమ్ అంటే పడుకో. కాలాల గొడవ లేదు. ఇక విభక్తులు! మనకి కి, కు, లో, మీద, నుంచి, యొక్క అని చిన్నప్పుడు బడిలో వల్లె వేయించిన జాబితా మొత్తాన్ని ఆ రేవు జనం ‘పో’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. ఓడలోకి, ఓడ మీద, ఓడ నుంచి, ఓడ యొక్క అన్నీ ‘పో’నే. చిన్నయసూరి వింటే ఏమనేవాడో గానీ, బేరం మాత్రం తెగేది. ధర ఎంత, చేప పాతదా కొత్తదా, నిరుడు నువ్వు నన్ను మోసం చేశావు, రా కూర్చుని టీ తాగు. ఇంతకు మించి మాట్లాడుకోవాల్సిన అవసరం వాళ్ళకి పెద్దగా రాలేదు.

ఈ భాషలో నన్ను బాగా పట్టినది ఇంకోటి. ప్రపంచంలో ఇలాంటి కలగలుపు భాషలు చాలా పుట్టాయి. ఎక్కువ భాగం చెరకు తోటల్లో, బానిస ఓడల్లో, వలస రేవుల్లో. వాటిలో ఎక్కువ మాటలు దొరవి, వాటిని విరిచి వాడినది కూలి. రుస్సెనోర్స్క్‌లో అలా కాదు. ఇంచుమించు సగం మాటలు నార్వేవి, సగం రష్యావి. ఇద్దరిలో దొర లేడు. పైగా నార్వే వాళ్ళు తాము మాట్లాడేది రష్యన్ అనుకున్నారని, రష్యన్లు తాము మాట్లాడేది నార్వేజియన్ అనుకున్నారని చెబుతారు. ఎదుటివాడి భాష తమకు వచ్చేసిందని ఇద్దరూ మురిసిపోయారన్నమాట. ఓలాఫ్ బ్రోక్ అనే స్లావిక్ భాషల పండితుడు 1927లో దీని వ్యాకరణం రాశాడు. అప్పటికి అది మాట్లాడే సంత లేదు. 1917 విప్లవంతో పొమోర్ల రాక ఆగిపోయింది.

ఆ తర్వాతి ముప్ఫయ్యేళ్ళు త్వరగా చెప్పేస్తాను. 1920లో హద్దుకు అవతలి పెచెంగా ఫిన్లండ్ చేతికి వెళ్ళడంతో నార్వేకి రష్యాతో హద్దే లేకుండా పోయింది. 1944లో సోవియట్ సైన్యం దాన్ని తిరిగి తీసుకోవడంతో హద్దు మళ్ళీ వచ్చింది. మధ్యలో కిర్కెనెస్‌ను జర్మన్లు ఆక్రమించారు. ముర్మాన్స్క్ మీద దాడికి అది వాళ్ళ స్థావరం కాబట్టి సోవియట్ విమానాలు దాని మీద మూడొందల సార్లకు పైగా బాంబులు వేశాయి. 1944 శరదృతువులో జర్మన్లు ఫిన్‌మార్క్‌ను తగలబెడుతూ వెనక్కి పోతుంటే, పక్కనున్న బ్యోర్నెవాట్న్ ఇనుప గని సొరంగంలో సుమారు మూడు వేల మంది తలదాచుకున్నారు. ఆవులు, కట్టెలు, పసిపిల్లలు అన్నీ లోపలే. ఆ చీకట్లోనే పదిమంది పిల్లలు పుట్టారు. అక్టోబరు 25న సోవియట్ సైన్యం కిర్కెనెస్ చేరింది. మరుసటి ఏడు సెప్టెంబరుకల్లా ఎవరూ నెట్టకుండానే వెళ్ళిపోయింది. తూర్పు ఐరోపాలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళకి ఈ వెళ్ళిపోవడం విలువ అర్థమవుతుంది. బాంబులు వేసిందీ వాళ్ళే, విడిపించిందీ వాళ్ళే. కిర్కెనెస్ ముసలివాళ్ళ మనసులో రష్యా బొమ్మ ఎప్పుడూ ఒక రంగులో ఉండకపోవడానికి ఇదే కారణం.

1949లో నార్వే నాటోలో చేరింది. గేటు పడింది. అయినా నది గేటు మాట వినదు కదా. పాస్విక్ నీళ్ళ మీద కరెంటు కోసం 1957లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. బోరిస్ గ్లేబ్ దగ్గర, అంటే ఆ బొడిపె దగ్గర, సోవియట్ విద్యుత్ కేంద్రాన్ని నార్వే సంస్థలు కట్టాయి. పని ముగిశాక 1965 వేసవిలో సోవియట్ వాళ్ళు అక్కడ ఒక బారు తెరిచారు. స్కాండినేవియా వాళ్ళకి వీసా అక్కర్లేదు. నార్వేలో మందు ఎంత ఖరీదో, కిర్కెనెస్‌లో ఎంత కరువో తెలిస్తే, చవక వోడ్కా వార్త ఎంత వేగంగా పాకిందో ఊహించుకోవచ్చు. నాటో దేశపు యువకులు సోవియట్ గడ్డ మీద తాగి తూలుకుంటూ ఇంటికి రావడం చూసి ఓస్లో గూఢచారి విభాగానికి నిద్ర పట్టలేదు. సెప్టెంబరులో న్యూకోంబ్ మాట్ అనే అమెరికన్ యువకుడు పాస్‌పోర్టులో ముద్ర కోసం సరదాపడి అక్కడ హద్దు దాటాడు. అమెరికన్లకు ఆ వెసులుబాటు లేదు. అరెస్టయి, శిక్ష పడి, 1966 జనవరిలో సోవియట్ నిర్బంధంలోనే చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు. బారు అప్పటికే మూతపడింది.

అదే కాలంలో, ఏ హడావుడీ లేకుండా ఇంకో పని మొదలైంది. కాడ్ లోఫోటెన్ దీవుల దగ్గర, నార్వే నీళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి బారెంట్స్ సముద్రంలో, రష్యా వైపు నీళ్ళలోనూ పెరుగుతాయి. కన్నది దేవకి, పెంచింది యశోద. రష్యన్లు చిన్న చేపల్ని ఊడ్చేస్తే నార్వే వలలు ఖాళీ. నార్వే వాళ్ళు గుడ్ల చేపల్ని ఊడ్చేస్తే అసలు పిల్లలే ఉండవు. 1975 ఏప్రిల్‌లో మాస్కోలో ఒప్పందం మీద సంతకాలు జరిగి, 1976 నుంచి ఉమ్మడి మత్స్య కమిషన్ ఏటా కూర్చుంటోంది. రెండు దేశాల శాస్త్రవేత్తలు చేపల లెక్క తేలుస్తారు. ఆ ఏడు ఎన్ని టన్నులు పట్టవచ్చో కమిషన్ నిర్ణయిస్తుంది. మూడో దేశాల వాటా తీసేశాక కాడ్ చెరి సగం. ఆ పక్కనే సముద్రంలో హద్దు ఎక్కడన్న తగవు నలభై ఏళ్ళు నడిచింది. తగవులో ఉన్న నీళ్ళు 1,75,000 చదరపు కిలోమీటర్లు. 2010 సెప్టెంబరు 15న ముర్మాన్స్క్‌లో సంతకాలయ్యేదాకా అది తెగలేదు. చేప పంపకం మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

1987 అక్టోబరు 1న గోర్బచోవ్ ముర్మాన్స్క్‌లో మాట్లాడుతూ ఉత్తరాన్ని శాంతి మండలం చేద్దామన్నాడు. నాలుగేళ్ళకి సోవియట్ యూనియనే లేదు. ఆ సందులో నార్వే విదేశాంగ మంత్రి థోర్వాల్డ్ స్టోల్టెన్‌బెర్గ్ ఒక ఆలోచన పట్టుకున్నాడు: రాజధానుల మధ్య ఒక మండలి, దాని కింద రాష్ట్రాలు, జిల్లాలు నేరుగా కూర్చునే మరో మండలి. 1993 జనవరి 11న కిర్కెనెస్‌లో, ఇంకా సూర్యుడు రాని రోజున, నార్వే, రష్యా, స్వీడన్, ఫిన్లండ్, డెన్మార్క్, ఐస్లండ్ ప్రతినిధులు, యూరోపియన్ కమిషన్ కలిసి సంతకం చేశారు. రష్యా తరఫున మంత్రి కోజిరెవ్. బారెంట్స్ మండలి పుట్టింది. పేరు మాత్రం పదహారో శతాబ్దపు డచ్ నావికుడిది. వీళ్ళెవరివాడూ కాదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. సామీలు, నెనెట్లు, వెప్స్ జనం సభలో తమ కుర్చీ సంపాదించుకున్నారు. రెండు రాజ్యాలకు పన్ను కట్టిన వాళ్ళ మనవళ్ళకు రెండు రాజ్యాల ఎదురుగా కుర్చీ దొరికింది.

ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళు కిర్కెనెస్‌కు పండగే. బృందగానాలు, హాకీ పోటీలు, నాటకాలు, విద్యార్థుల రాకపోకలు. గేటు దాటే వాళ్ళు ఏటా కొన్ని వేల నుంచి 2013 నాటికి మూడు లక్షల పైకి చేరారు. 2012 మే 29 నుంచి హద్దుకు ముప్ఫై కిలోమీటర్ల లోపు వాళ్ళకి వీసా అక్కర్లేని కార్డు ఇచ్చారు. నార్వే వాళ్ళు హద్దుకు అవతలి నికెల్ ఊరికి పెట్రోలు పోయించుకోవడానికి, రష్యన్లు కిర్కెనెస్‌కి పిల్లల డైపర్లు కొనడానికి. పిండికి చేప మళ్ళీ వచ్చింది, సరుకు మారింది. అయితే ఒక్కటి గమనించాలి. ఈ పండగ ఖర్చులో పెద్ద భాగం నార్డిక్ దేశాలది. మోయా-పో-త్వోయాలో ఉన్న సగం-సగం ఇక్కడ లేదు. నికెల్ ఊళ్ళోని ఫ్యాక్టరీ గంధకపు పొగ గాలివాటంగా నార్వే అడవుల్ని కాలుస్తుంటే, దాన్ని బాగు చెయ్యమని నార్వే డబ్బు కేటాయించింది. ఆ ఆధునికీకరణ జరగనే లేదు. 2020 డిసెంబరులో కంపెనీ తానే ఆ కొలిమి ఆర్పేసింది.

2015 శరదృతువులో ఆ గేటు దగ్గర ఒక వింత జరిగింది. సిరియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి ఆశ్రయం వెతుక్కుంటూ బయల్దేరిన జనం రష్యా మీదుగా ఇటు తిరిగారు. రష్యా నిబంధన ప్రకారం హద్దును నడిచి దాటకూడదు. నార్వే చట్టం ప్రకారం పత్రాలు లేనివాళ్ళని కారులో ఎక్కించుకుంటే డ్రైవరు మీద కేసు. నడవకూడదు, కారెక్కకూడదు. మిగిలింది సైకిలు. అయిదు వేలకు పైగా మనుషులు ఆర్కిటిక్ చలిలో, కొందరు పిల్లల సైకిళ్ళ మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, కొన్ని మీటర్లు తొక్కి నార్వేలోకి వచ్చారు. గేటు పక్కన సైకిళ్ళు గుట్టలు పడ్డాయి. అవి నార్వే భద్రతా ప్రమాణాలకు సరిపోవని తుక్కు చేశారు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక జరిగింది అందరికీ తెలిసిందే. మార్చిలో మిగతా దేశాలు మండలిలో రష్యాతో పని ఆపేశాయి. 2023 సెప్టెంబరు 18న రష్యా మండలి నుంచి బయటికి నడిచింది. నార్వే రష్యన్ పర్యాటకులకు దారి మూసేసినది 2024 మే 29న. ముప్ఫై కిలోమీటర్ల కార్డు మొదలైన తేదీకి సరిగ్గా పన్నెండేళ్ళు. రష్యన్ చేపల ఓడలకు నార్వేలో మూడు రేవులే మిగిల్చారు: ట్రోమ్సో, బోట్స్‌ఫ్యోర్డ్, కిర్కెనెస్.

మత్స్య కమిషన్ మాత్రం ఆ చలికాలాల్లోనూ కూర్చుంది, ఎదురెదురుగా కాకుండా తెర మీద. 2013లో పది లక్షల టన్నులున్న కాడ్ కోటా 2025కి 3,40,000 టన్నులకు దిగింది. 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ లేదు. చేప తగ్గింది కాబట్టి ఇద్దరూ తక్కువే పట్టుకోవాలని ఒప్పుకున్నారు. మూడో దేశాల వాటా తీసి, మిగిలింది ఎప్పటిలాగే చెరి సగం రాసుకున్నారు.

వచ్చే వారం: రష్యన్లు బొగ్గు తవ్వే నార్వే దీవులు స్వాల్బార్డ్. ఆ దీవుల ఒప్పందం మీద 1920లో భారతదేశం తరఫున కూడా సంతకం ఎందుకు పడిందో చూద్దాం.

(సశేషం)